బిక్కి గింజలు

మొక్కలతో ముచ్చట్లాడితే అవి ఏపుగా పెరుగుతాయని ఎవరన్నా అంటే మా నాయనకు నవ్వొచ్చేది. "మాటలేం అక్కర్లా, నీళ్ళు పొయ్యండి చాలు" అనేవాడు. చిన్నప్పుడు కొండ కింద మేకలు కాసినవాడు. తర్వాత మిషన్ కాంపౌండులో తోటమాలిగా చేరి, అక్కడే అంటు కట్టడం నేర్చుకున్నాడు. ఆ పనితనం చేతబట్టుకునే ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్ళే రోడ్డు పక్కన, ఊరు దాటగానే, అర ఎకరంలో నర్సరీ పెట్టాడు. నిమ్మ అంట్లు, మామిడి అంట్లు తనే కట్టేవాడు. క్రోటన్లు, గులాబీలు కడియం నుంచి లారీలో దిగేవి. వాటిని ఆయన మా సొంత మొక్కలుగా చూసేవాడు కాదు. "అవి చుట్టాలు, నాలుగు రోజులుండి పోతాయి" అనేవాడు.

ఒక పొద్దున నిమ్మ అంటు కడుతూ ఉండగానే ఆయన కుడి చెయ్యి ఒళ్ళో వాలిపోయింది. చేతిలో కత్తి జారింది. దాన్ని తీసుకోవడానికి వంగి, తనూ పడిపోయాడు. ఆత్మకూరు ఆసుపత్రిలో రెండు వారాలున్నాం. ప్రాణం దక్కింది గాని కుడిపక్క చచ్చుబడింది, మాట పోయింది. ఎంతో కష్టపడితే ఒక్కో మాట ఊడిపడేది. అది కూడా సగమే.

అప్పటికి నేను వింజమూరులో ప్రైవేటు బళ్ళో పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయన కూడా అక్కడే మాస్టరు. నాయనకు తోడుగా ఉందామని నెల రోజులు సెలవు పెట్టి వచ్చాను. ఏళ్ళు గడిచినా ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. వారానికి రెండుసార్లు నాయన్ని బస్సులో ఆత్మకూరు తీసుకుపోయి ఫిజియోథెరపీ చేయించడం, మిగతా రోజుల్లో ఆయన్ని గేటు పక్కన నీడ వలకింద కుర్చీలో కూర్చోబెట్టి నర్సరీ చూసుకోవడం. అంటు కట్టడం నాకు చిన్నప్పటినుంచీ వచ్చు. ఆయన చూస్తుండగా కట్టాలంటేనే భయం. తప్పు కడితే ఎడం చేత్తో కుర్చీ మీద టకటకా కొట్టేవాడు.

సమాధుల తోట పని నా నెత్తిన పడింది కూడా ఆ రోజుల్లోనే. మా చర్చికి ఊరవతల సమాధుల తోట ఉంది. పేరుకే తోట, ఉన్నవన్నీ రాళ్ళు. ఒక ఎండాకాలం ఎవరిదో భూస్థాపన జరుగుతుండగా ఒక ముసలామె ఎండకు తట్టుకోలేక పడిపోయింది. కాస్త నీడన కూర్చోబెడదామంటే అక్కడ చెట్టన్నది లేదు. నలుగురం కలిసి చీర కొంగులు పట్టి నీడ చేశాం. ఆదివారం ఆరాధన అయ్యాక నేను లేచి, "మొక్కలు నేనిస్తా. నీళ్ళు పోసేదానికి ఎవరొస్తారు?" అని అడిగాను. ఏడుగురు వచ్చారు. తర్వాత చర్చికి రాని వాళ్ళు కూడా కొందరు కలిశారు. ఆదివారం సాయంత్రాలు ఆటోలో డ్రమ్ములు పెట్టుకుని మా బోరు నీళ్ళు పట్టుకుపోయేవాళ్ళం. వేప, కానుగ, నేరేడు నాటాం.

మొదటి ఏడు నాటినవన్నీ మేకలు తినేశాయి. రెండో ఏడూ అంతే. ఆ మేకలు కొండ కింద వీధిలో ఉండే ఒక పెద్దాయనవి. అరవై ఏళ్ళుంటాయేమో. తలకు ఎప్పుడూ ఎర్ర తువ్వాలు, భుజాన కొమ్మలు లాగే దోటి కర్ర. ఒకసారి దారిలో పట్టుకుని అడిగాను.

"అన్నా, నీకు కళ్ళు కనపడవా? మొక్కలు నాటినాం గదా ఆడ."

"నీకు మొక్కలు, నాకు మేకలు" అన్నాడు తాపీగా. "కంచె ఏసుకోవాల్సింది నువ్వమ్మా. మేకకి చదువొస్తదా, ఇది ఫలానా వాళ్ళ మొక్క అని తెలిసేదానికి?"

మూడో ఏడు కంపతో కంచె వేశాం. ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం వెళ్ళి చూస్తే కంప ఒక పక్కకు పడి ఉంది, పదకొండు మేకలు లోపల ఉన్నాయి. కాసేవాళ్ళెవరూ లేరు. నేను ఆ రోజు మంచీచెడూ ఆలోచించలేదు, పగ తీర్చుకున్నాను. పంచాయతీకి ఫోన్ చేసి మనుషుల్ని పిలిపించి, ఆ మేకలన్నిటినీ తోలించి పాత బందెలదొడ్డిలో పెట్టించాను. ఊరి మీద పడిన పశువుల్ని కట్టేసే ఆ దొడ్డిని ఎవరూ వాడి చాలా ఏళ్ళయింది. సాయంత్రం అటుగా పోతూ ఊచల్లోంచి చూశాను కూడా. అవి నా వంక చూసి అరిచాయి. నాకు సంతోషంగానే అనిపించింది. లోపల రాతి తొట్టి ఉంది. అందులో నీళ్ళున్నాయో లేదో నేను చూడలేదు.

ఆ పెద్దాయన బావమరిది చనిపోతే వాళ్ళింటిల్లిపాదీ ఆ రోజు పొద్దున్నే సంగం వైపు వెళ్ళారట. మేకల్ని ఎవరికో అప్పగించి పోతే వాళ్ళు వదిలేశారు. ఆయన మర్నాడు మధ్యాహ్నానికి గాని రాలేదు. నీళ్ళు పంచాయతీ వాళ్ళు పెడతారని నేనూ, తోలించినామె పెడుతుందని వాళ్ళూ అనుకున్నాం. పదకొండులో ఒక పిల్ల చచ్చిపోయింది.

ఆయన ఆ పిల్లను భుజాన వేసుకుని మా నర్సరీ ముందు నుంచే పోయాడు. గేటు దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. అరవలేదు, తిట్టలేదు.

"మొక్కలకి నీళ్ళు పోసే అమ్మని పేరు తెచ్చుకున్నావు గదమ్మా" అన్నాడు. అంతే. వెళ్ళిపోయాడు.

నాయన కుర్చీలోంచి అంతా విన్నాడు. నా వంక తిరిగాడు. నోరు ఒక పక్కకు లాగి, ఎంతో ప్రయాసపడి ఒక మాట అన్నాడు: "పో."

ఆ పెద్దాయన వెనకాలే పొమ్మని, తప్పయిందని చెప్పమని. నాకు బాగా అర్థమైంది. నేను పోలేదు. ఆ రోజు సిగ్గుతో పోలేదు. మర్నాడు, నిన్న పోనిదాన్ని ఈ రోజెలా పోను అనుకున్నాను. నాలుగు రోజులు గడిస్తే తప్పు పాతబడుతుందనుకుంటాం. ముల్లు దిగిన కాలికి రోజులు గడిస్తే ఏమవుతుందో మాత్రం మా ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆయన ఉండే వీధి మీదుగా పోవాల్సిన పని పడితే చుట్టు తిరిగి పోయేదాన్ని. ఆదివారాలు నీళ్ళు పోస్తూనే ఉన్నాను గాని, ఎవరన్నా "ఎంత పుణ్యమో" అంటే తల ఎత్తలేకపోయేదాన్ని.

వానాకాలం పోయాక ఒక పొద్దున నర్సరీకి ఒక అవ్వ వచ్చింది. కొయ్య గరిటెలు చెక్కే ఇంటి మనిషి. ఆమె చేతులు చూస్తేనే తెలిసిపోయింది. బొటనవేళ్ళు కాయలు కాసి, గోళ్ళ సందుల్లో సన్నటి తెల్లటి పొట్టు. ఏ మొక్కా చూడకుండా నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"బిక్కి మొక్క ఉండాదామ్మే?"

నాకు నవ్వొచ్చింది. "బిక్కి అడివి చెట్టు గదవ్వా. నర్సరీలో యాడుంటది?"

"అడివిలో ఉంటే నీకాడి కెందుకొస్తాను?" అంది.

కూర్చోమని నీళ్ళిస్తే తాగి చెప్పింది. చెంచాలకు, గరిటెలకు బిక్కి చెక్క బాగుంటుందట. తెల్లగా, నున్నగా, పగలకుండా ఉంటుంది. ఆమె చిన్నప్పుడు కొండ మీది కోటకు పోయే దారిలో కాస్త ఎక్కితే దొరికేది. ఇప్పుడు రోజంతా తిరిగినా కట్టె దొరకడం కష్టం. "ఎవుర్నో అంటే ఏం లాభం? నరికినోళ్ళం మేమే గదా" అంది. "నరకను మాత్రం అందరికీ చేతనయింది. నాటను ఒక్కరికీ రాలా. నువ్వు నేర్చుకోగూడదా? చెట్ల అంగడి పెట్టుకోనుండావే."

కొంగున మూటకట్టి తెచ్చిన నాలుగు కాయలు నా ముందు పెట్టింది. నిమ్మకాయంత, చెక్కలాంటి పెంకు. ఎవరితోనో కొండ మీంచి తెప్పించిందట. పగలగొడితే లోపల ఎండిన గుజ్జులో సన్నటి గింజలు.

నాకు పంతం వచ్చింది. గింజల్ని నానబెట్టి, ట్రేల్లో ఇసుక పోసి చల్లాను. ఒక్కటీ మొలవలేదు. మిగిలిన వాటిని గరుకు కాగితం మీద రుద్ది, వేడి నీళ్ళలో ఉంచి చల్లాను. రెండు మొలిచి కుళ్ళిపోయాయి. నేను ట్రేల దగ్గర కూర్చున్నప్పుడల్లా నాయన కుర్చీలోంచి చూసేవాడు. ఒకరోజు నోరు తెరిచి, "మే... క" అన్నాడు.

గేటు వైపు చూశాను. "రాలేదులే నాయనా, గేటు ఏసినా" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ మర్నాడు, "మేక." మళ్ళీ గేటు చూసి వచ్చాను. వారం రోజులు ఇదే వరస. ఆ మాట వింటే నాకు చచ్చిపోయిన పిల్ల గుర్తుకొచ్చేది. కావాలనే దెప్పుతున్నాడేమో అనిపించేది. చివరికి ఒకరోజు ఆయన ఎడం చేత్తో నా ముందున్న ట్రేని విసిరికొట్టాడు. ఇసుకంతా నా చీర మీద పడింది.

"నేను చంపలా దాన్ని! ఎన్నిసార్లు అంటావు?" అని అరిచాను.

మాట రాని మనిషి మీద అరవడం ఎంత సులువో ఆ రోజు తెలిసింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముఖం అటు తిప్పుకున్నాడు.

మొక్కల సంగతి కనుక్కుందామని నడిచి వస్తున్న అవ్వ గేటు దగ్గరే ఆగిపోయి ఇదంతా చూసింది. లోపలికి వచ్చి చీర మీది ఇసుక దులుపుకొమ్మని నాకు చెప్పి, నాయన కుర్చీ పక్కన చతికిలబడింది.

"ఏందన్నా, మేకలేంది?" అని నెమ్మదిగా అడిగింది.

నాయన ఎడం చెయ్యి ఎత్తి కొండ వైపు చూపించాడు. తర్వాత కింద చెదిరిన గింజలు చూపించాడు. తర్వాత తన నోరు.

అవ్వ మోకాలు చరుచుకుంది. "ఓసి నా మతిమండా! మీ నాయన మేకలొచ్చినాయని చెప్పడంలామ్మే. బిక్కికాయ మేకలు తినాలని చెప్తా ఉండాడు. మా అమ్మ కూడా అనేది, మేకలు పండుకున్న తావున బిక్కి మొలుస్తదని. ఆయన చిన్నప్పుడు చూసింటాడు."

నాయన కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చాడు. ఎంతో దూరం మోసిన బరువు దించుకున్నట్టు. ఆయన పాదాల దగ్గర కూర్చుని నేను ఏడ్చాను. ఆయన ఎడం చెయ్యి నా తల మీద పెట్టలేదు, అలాంటి మనిషి కాదు. ట్రే తీసి పక్కన పెట్టమని వేలితో చూపించాడు.

కొండ మీద బిక్కి చెట్లు మిగిలినంత ఎత్తుకు మేకల్ని తోలేది ఊళ్ళో ఒక్కడే. ఎవరో నేను చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఆయన దొడ్డి ముందు కూర్చుని ఒక మేక గిట్టలో ముల్లు తీస్తున్నాడు. నన్ను చూసి కూడా తల వంచుకుని పని చేసుకుంటున్నాడు.

"అన్నా, తప్పు నాది" అన్నాను. "తొట్టిలో నీళ్ళుండాయో లేదో నేను చూడలా."

ఆయన ముల్లు బయటికి లాగి పారేశాడు.

"ఏడాది కావస్తా ఉండాది" అన్నాడు.

"అవునన్నా."

"ఏడాది పట్టిందా ఈడికి రాను? రెండు ఫర్లాంగులు గూడా లేదే."

వాళ్ళావిడ లోపలినుంచి వచ్చి నన్ను చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

"ఇప్పుడెందుకొచ్చినావు?"

తప్పు ఒప్పుకుందామనే వచ్చానని చెప్పి ఊరుకోవచ్చు. అబద్ధం ఆడటానికి మనసొప్పలేదు. బిక్కి గింజల సంగతి, నాయన సంగతి, అన్నీ చెప్పాను.

"అంటే పని బడి వచ్చినావు."

"అవును. పని పడకపోతే ఇంకా ఎన్నాళ్ళకి వచ్చేదాన్నో నాకే తెలవదు."

ఆయన మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. కోపం తగ్గిందని అనను. ఏదో తూకం వేసుకున్నట్టు చూశాడు. "ఎండాకాలం కాయ రాలుద్ది. అప్పుడు పెంటికలు ఎత్తిపెడతా. గోతం నువ్వే తెచ్చుకో" అన్నాడు.

ఆ ఎండాకాలం వచ్చేలోపు ఆదివారాలు వచ్చే మావాళ్ళందరికీ బందెలదొడ్డి సంగతి దాచకుండా చెప్పాను. సగం మందికి తెలుసు, తెలియనట్టు ఉన్నారు. సమాధుల తోట కంచె బయట పశువులకు నీళ్ళ తొట్టి కడదామని అందరం అనుకున్నాం. ఇటుకలు పేర్చి, సిమెంటు పూసి, మా చేతులతోనే కట్టాం. పెద్దాయన ఒకరోజు మేకల్ని తోలుకొచ్చి చూసి, "ఎత్తెక్కువైంది. పిల్లలకందదు" అని వెళ్ళిపోయాడు. పై రెండు వరసలు పగలగొట్టి మళ్ళీ కట్టాం. ఈసారి మళ్ళీ మేకల్ని తోలుకొచ్చాడు. మేకలు తాగుతుంటే పక్కన నిలబడ్డాడు.

అన్న మాట ప్రకారం రెండు గోతాల పెంటికలు ఎత్తిపెట్టాడు. తొలకరికి మట్టిలో కలిపి మడి చేశాను. పదిహేను రోజులకు మడంతా పచ్చబడింది. కాని ఏది ఏదో నాకు తెలియదు. తుమ్మ, రేగు, పేరు తెలియని గడ్డీగాదం, మేకలు తిన్నవన్నీ మొలిచాయి. నాయన్ని కుర్చీతో సహా మడి పక్కకు చేర్చాను. ఆయన ముందుకు వంగి, ఎడం చేత్తో ఒక్కొక్కటీ పీకడం మొదలుపెట్టాడు. తుమ్మ, అవతలకి. రేగు, అవతలకి. ఒకచోట చెయ్యి ఆగింది. వేలెడు కూడా లేని మొక్క, ఎదురెదురుగా రెండు జతల ఆకులు. దాన్ని ముట్టుకోకుండా చుట్టూ మట్టి సర్ది, నా వంక చూశాడు. ఆ మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. పక్షవాతం వచ్చాక ఆయన పనిచేయడం అదే మొదలు. ఎండ తిరిగేసరికి మడిలో అరవై దాకా మిగిలాయి. అవన్నీ బిక్కి.

మేకల వల్లే మొలిచాయని నేను ప్రమాణం చేసి చెప్పలేను. గింజ తాజాగా ఉండటం కావచ్చు, ఎరువు కావచ్చు, ఆ ఏటి వాన కావచ్చు. నాయనకు మాత్రం అనుమానం లేదు.

మొక్కలు జానెడయ్యాక గరిటెల వాళ్ళ వీధి వెనక, కొండ అంచున బీడులో నాటాలనుకున్నాం. ఈసారి గుంతలు తియ్యకముందే పెద్దాయన్ని అడిగాను. ఆయన కర్రతో నేల మీద గీత గీశాడు. "ఇది మేకల దారి. ఇది వదిలెయ్. ఈ పక్కన నాటుకో. రెండేళ్ళు నేను ఇటు తోలను. ఆ పైన నీ అదృష్టం." మాట నిలబెట్టుకున్నాడు. కంప కూడా తనే కొట్టి తెచ్చి వేశాడు. మా ఇంట్లో టీ తాగమంటే మాత్రం ఇప్పటికీ తాగడు. రోడ్డు పక్కన నిలబడే మాట్లాడి పోతాడు.

అవ్వ నెలకోసారి పోయి మొక్కలు చూసి వస్తుంది. అవి మోకాలెత్తు కూడా లేవు. అయినా ఒక్కోదాన్ని వంగి వంగి చూస్తుంది. "ఇది వంకర బోతా ఉండాది. గరిటెకి పనికొస్తది" అంటుంది. "ఇది నిటారుగా లేస్తా ఉండాది, చెంచాలకి." చెక్కకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలుసా అవ్వా అని ఒకసారి అడిగాను. "తెలీకేం? కొట్టేటప్పుడు వయసు చూడకుండానే కొట్టినామా?" అంది. నాటిన నలభైలో ఇరవై మూడు బతికాయి. మా నర్సరీ అంట్లు ఎన్నడూ ఇంత తక్కువ దక్కలేదు. ఏ లెక్క గురించీ ఇంత గొప్పగా చెప్పుకోనూ లేదు.

మిగిలిన ఇరవైలో కొన్ని సమాధుల తోటలో నాటాం. నాయన ఆ ఏటి చలికాలంలో, తెల్లవారుతుండగా నిద్రలోనే పోయాడు. సమాధుల తోటకు తీసుకుపోతుంటే దారిలో పెద్దాయన మేకలు కనిపించాయి. ఆయన మమ్మల్ని చూసి, మందను రోడ్డు దించి పక్క చేలోకి మళ్ళించాడు. అందరం కంచె లోపలికి వెళ్ళేదాకా తువ్వాలు తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు. ప్రార్థన అయ్యేసరికి వెళ్ళిపోయాడు. ఆ మేకపిల్ల సంగతి ఆయన మనసులో ఇప్పుడు ఎలా ఉందో నేను అడగలేదు. అది అడిగే హక్కు నాకు ఉందని అనిపించదు.

ఆ తర్వాతి ఆదివారం సాయంత్రం ఎప్పటిలాగే డ్రమ్ములు నింపి ఆటో ఎక్కాం. ఆ వారం కొత్తగా ఇద్దరు వచ్చారు. ఒకామెకు బిందె ఎలా వంచాలో తెలియక బిక్కి మొక్క మొదలు దగ్గర మట్టంతా కొట్టుకుపోతుంటే, దగ్గరికి జరిగి, నీళ్ళ ధారకు చెయ్యి అడ్డం పెట్టి చూపించాను.